నాయకత్వ ప్రేరణ, విశ్వవిద్యాలయ పరిశోధన

అధికారంతో కాక ఆదర్శంతో, నమ్మకంతో సహచరుల్ని పనికి పురికొల్పడమే ప్రేరణాత్మక నాయకత్వం. ఈ భావనకు 1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్, 1985లో బెర్నార్డ్ బాస్ శాస్త్రీయ రూపమిచ్చారు. తెలుగునాట మాత్రం దీని ఫలితం అంతకు ముందే కనిపించింది.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షుడు. ఆయన తర్వాత 1931 నుంచి 1936 దాకా ఆ పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ హయాంలో యువ ఆచార్యులు విశాఖలోని వాల్తేరు చేరారు. సి.వి.రామన్ శిష్యుడు సూరి భగవంతం భౌతికశాస్త్రంలో, మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర చదివివచ్చిన టి.ఆర్.శేషాద్రి రసాయనశాస్త్రంలో పరిశోధక బృందాల్ని తయారుచేశారు.

శేషాద్రి ఎంచుకున్న విషయం చూడండి: పత్తిపువ్వు రంగు! పొద్దున లేతపసుపుగా విచ్చి మర్నాటికి ఎర్రబడే ఆ పువ్వు గుంటూరు రైతుకు రోజూ కనిపించేదే. దాని రేకుల్లోని వర్ణకాలపై కె.నీలకంఠంతో కలిసి ఆయన వరుసగా పత్రాలు ప్రచురించారు. ఖరీదైన సరుకు అందుబాటులో లేనిచోట చుట్టూ ఉన్న మొక్కల్నే పరిశోధనకు వాడుకోవడం ఆయన నాయకత్వంలోని అసలు కిటుకు.

1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. చోటు మారినా శేషాద్రి బృందం పని ఆపలేదు. జీతం, పదోన్నతి కూడా ముఖ్యమే కానీ, ఈ పట్టుదలకు అవి కారణం కావు. అటు భౌతికశాస్త్రంలో భగవంతం, టి.వెంకటరాయుడు రాసిన సమూహ సిద్ధాంత (గ్రూప్ థియరీ) గ్రంథం 1948లో వెలువడింది. శేషాద్రి 1949లో ఢిల్లీ వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.