నీటి నడుమ మెరక మళ్ళు

నాలుగు దినములు ముసురు పట్టినచో పెరడంతయు మడుగగు ఇండ్లు మన పల్లపు సీమలలో పెక్కులు కలవు. వంగనారు పసుపుబారును, బెండమొక్క తల వాల్చును. నీరెక్కువై చచ్చినదందుము. నిజమునకు మట్టి సందులన్నియు నీటితో నిండి, వేరునకు గాలి అందక చచ్చినది. దీనికి ఉపాయములు రెండు. నీటిని బయటకు తరుముట మొదటిది. నేలను పైకెత్తుట రెండవది. బోదె తీసి, ఆ మన్నునే గట్టుగా పోసి కొబ్బరియో అరటియో నాటుట మన డెల్టా రైతు ఎరిగిన పనియే. 'మెరక పోయుట' యను చక్కని మాట మనకు కలదు. ఈ మెరక పోయు విద్యను ఒక మహానగరమునకు తిండి పెట్టునంతగా పెంచిన జనులు వేరొక ఖండమున నుండిరి. వారి తరువాత అచ్చటికి వచ్చినవారు మొదటి ఉపాయమును పట్టిరి. రెండు కథలును ఒకే లోయలో నడచినవి.

మెక్సికో లోయ సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తున, చుట్టును కొండలతో, నీరు వెడలు దారి లేని పళ్ళెము వంటిది. అందు పూర్వము అయిదు సరస్సులు పరచుకొని యుండెను. ఆజ్‌టెక్కులని మనము పిలుచు మెషీకా జనులు 1325లో అచ్చటి బురద లంకపై టెనోచ్‌టిట్లాన్ నగరమును స్థాపించిరని సంప్రదాయము చెప్పుచున్నది. మంచి భూములు అప్పటికే ఇతరుల చేతులలో నుండెను. వీరికి మిగిలినవి నీరును, తుంగయు, రెల్లును.

దక్షిణపు మంచినీటి సరస్సులైన సోచిమిల్కో, చాల్కోల యొద్ద చినాంపాలను మెరక మళ్ళు వారికి మునుపే యుండెను. మెషీకా ప్రభువులు 15వ శతాబ్దమున వానిని విస్తారముగా పెంచిరి. లోతు లేని చోట గుంజలు పాతి, వాని నడుమ నీటిమొక్కల పొర యొకటి, అడుగు బురద పొర యొకటి, మరల మొక్కలు, మరల బురద, ఇట్లు నీటికి పైగా లేచువరకు పోయుదురు. మడి పొడవుగాను, ఇరుకుగాను ఉండవలెను. ఇరుకుతనములోనే కిటుకున్నది: రెండు ప్రక్కల కాలువల నీరు మట్టిలోనికి ఊరి మధ్యనున్న వేరును కూడ తడుపును, కాని ముంచదు. అంచుల వెంట అవెహోతె యను సన్నని నీటి చెట్లను నాటుదురు. వాని వేళ్ళు గట్టును జారనీయవు. కొమ్మలు నిటారుగా పెరుగుటచే పైరుపై నీడ పడదు.

నారు పోయు పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. కాలువ బురదను ఒకచోట పలుచగా పరచి, కాస్త ఆరగనే కత్తితో చిన్న చదరములుగా కోయుదురు. ప్రతి చదరమున వ్రేలితో గుంట చేసి విత్తు వేయుదురు. మొలక ఎదిగిన పిమ్మట చదరముతో సహా మడిలోనికి మార్తురు. వేరునకు కదలిక తెలియదు. బురద తీయుటచే కాలువ పూడిపోదు, మడికి ఎరువును దొరకును. ఒక పంట కోతకు రాకమునుపే మరియొకదాని నారు సిద్ధముగా నుండుటచే ఏడాదికి పెక్కు పంటలు తీసెడివారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, టమాటా, మిరప వారి పైరులు. మన మిరపకాయ పుట్టినిల్లు ఆ దేశమేయని వేరుగా చెప్పనక్కరలేదు.

1590లో అచ్చయిన తన గ్రంథమున హోసే దె అకోస్తా యను స్పెయిను మతగురువు ఇవి నీటిపై కదలు తోటలని వ్రాసెను. ఆ మాట నేటికిని యాత్రికుల నోట వినబడును. అవి తేలునవి కావు, అడుగున నేలతో కలిసినవే. చినాంపా యను పేరే రెల్లు కంచె యను అర్థముగల నహువా పదము నుండి పుట్టినది.

సరస్సులన్నియు మంచినీటివి కావు. టెస్కోకో సరస్సు ఉప్పనిది. వరదలో ఆ ఉప్పు మళ్ళపైకి వచ్చును. 1449 నాటి పెద్ద వరద తరువాత, టెస్కోకో ప్రభువును కవియునైన నెసావల్‌కోయోటల్ ఆధ్వర్యమున సుమారు 16 కిలోమీటర్ల కట్ట కట్టి ఉప్పునీటిని మంచినీటిని వేరుచేసిరి. నీటిని వెళ్ళగొట్టుట కాదు, దాని చోటును దానికి నిర్ణయించుటయే వారి యుద్దేశము.

1521లో స్పెయినువారు నగరమును గెలిచిరి. యుద్ధమున కట్టలు దెబ్బతినెను. పిదప వరదలు నగరమును పలుమార్లు ముంచెను. సరస్సునే లేకుండ చేయుదమని క్రొత్త పాలకులు తలచి, 1607లో కొండను తొలిచి నీటికి దారి తీయ నారంభించిరి. అయినను 1629 వరద నగరమును సుమారు అయిదేండ్లు ముంచి యుంచినది. పనిమాత్రము ఆగలేదు. 1900లో మహాకాలువ ప్రారంభమగునప్పటికి సరస్సు చాలవరకు ఎండినది. పిమ్మట సోచిమిల్కో ఊటల నీటిని గొట్టములతో నగరమునకు తరలించిరి. చినాంపాల కాలువలు తగ్గిపోయెను. ఇంకను చాలక భూగర్భజలమును తోడగా, అడుగునున్న సరస్సు బంకమట్టి కుంగి, నగరమున కొన్ని చోట్ల నేల ఏటికి 40 సెంటీమీటర్లకు పైగా దిగుచున్నది. వానకాలమున వీధులలో నీరు ఇప్పటికిని నిలుచును. వేసవిలో కుళాయి ఎండును. ఆ లోయకు నీటి కొరత తెచ్చినవారు నీటిని శత్రువుగా భావించినవారే యనుట మా అభిప్రాయము.

సోచిమిల్కో 1987లో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినది. మళ్ళు కొన్ని బీడులైనవి, కొన్ని బంతియాట మైదానములైనవి. మిగిలినవానిలో రైతులు పడవలపై పోయి కాలువ బురదను తోడి, ఆరబెట్టి, కత్తితో చదరములు కోసి నారు పోయుచునే యున్నారు.