లోపల వదిలిన గుడ్డ

మొన్నామధ్య కోడలితో కలిసి టైలరు దగ్గరికి వెళ్లాను. జాకెట్టు కొలతలన్నీ ఇచ్చాక, నలభై ఏళ్లుగా అనే మాటే మళ్లీ అన్నాను: "లోపల గుడ్డ కాస్త ఎక్కువ వదులు నాయనా!"

కోడలు నవ్వింది. "కొలత సరిగ్గానే తీసుకున్నాడుగా అత్తయ్యా! ఇంకా గుడ్డ దండగెందుకు?" అంది.

కొలత సరిగ్గానే తీసుకున్నాడు, నిజమే. కానీ అది ఇవాళ్టి కొలత. టైలరు చెయ్యి కాస్త జారవచ్చు. బట్ట ఒక్క ఉతుక్కే ముడుచుకోవచ్చు. సంక్రాంతి అరిసెలు నాలుగు ఎక్కువ తింటే మనమే ఓ అంగుళం పెరగవచ్చు. వీటిలో ఏది జరుగుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు? చెప్పలేం కనకనే ఆ గుడ్డ.

ఇంటికొచ్చి కాఫీ తాగుతూ వుంటే కోడలు తన ఫోను నా ముందు పెట్టింది. "ఈ కంపెనీ షేరు చూడండి అత్తయ్యా, మూడు నెలల్లో ఎంత పెరిగిందో! నా దగ్గరున్న డబ్బుకి తోడు, బంగారం మీద కొంత అప్పు తెచ్చి కొందామనుకుంటున్నాను. మీరేమంటారు?"

వెంటనే ఏమీ అనలేకపోయాను. నా చేతులకేసి చూసుకున్నాను. ఇప్పుడున్నవి రెండు గాజులు. ఒకప్పుడు ఆరు వుండేవి.

ఆ నాలుగు గాజుల కథ చివర్లో చెబుతాను. ముందు మరో ఇల్లాలి కథ చెప్పాలి. ఆవిడ తెలుగావిడ కాదు, మన దేశమూ కాదు. కానీ ఆవిడ కష్టం వింటే మన వీధిలో మనిషే అనిపిస్తుంది.

ఆవిడ పేరు డొరొతీ గ్రాస్‌బామ్. 1894లో లండన్‌లో ఆవిడకి మూడో కొడుకు పుట్టాడు. బెంజమిన్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే సంసారం న్యూయార్కు చేరింది. భర్తది పింగాణీ సామాన్ల వ్యాపారం. ఇంటినిండా నౌకర్లు, దర్జా. 1903లో ఆయన హఠాత్తుగా పోయారు. అప్పటికి చిన్నవాడికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. యజమాని లేని వ్యాపారం ఎంతో కాలం నిలవలేదు. డొరొతీ ఇంట్లో అద్దెకి మనుషుల్ని పెట్టుకుని భోజనాలు పెట్టి చూసింది. అదీ కలిసి రాలేదు. నగలూ సామాన్లూ ఒకటొకటే గడప దాటాయి.

అప్పుడావిడ షేర్లకేసి చూసింది. యు.ఎస్. స్టీల్ అనే పెద్ద ఉక్కు కంపెనీ షేర్లు కొన్ని కొంది. కంపెనీ ఎంపికలో తప్పేమీ లేదు. తప్పు కొన్న పద్ధతిలో వుంది. ఆవిడ కొన్నది "మార్జిన్" మీద. అంటే ఖరీదులో కొంత మనం ఇస్తాం, మిగతాది దళారీ అప్పిస్తాడు. షేర్లు మాత్రం అతని దగ్గరే తాకట్టు. ధర పెరిగితే కొద్ది సొమ్ముతో ఎక్కువ లాభం. ధర తగ్గితే "ఇంకా డబ్బు కట్టండి" అంటాడు. కట్టలేకపోతే, మనల్ని అడక్కుండానే అమ్మేసి తన అప్పు తను రాబట్టుకుంటాడు.

1907 అక్టోబరులో న్యూయార్కులో నికర్‌బాకర్ ట్రస్టు తలుపులు మూసేసింది. జనం బ్యాంకుల ముందు బారులు తీరారు. అంతకు ముందు ఏడాది శిఖరంతో పోలిస్తే షేర్ల ధరలు దాదాపు సగానికి పడ్డాయి. డొరొతీ ఖాతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఉక్కు కంపెనీకి మాత్రం ఏమీ కాలేదు. రెండేళ్లు తిరిగేసరికి దాని షేరు పడిన చోటినుంచి ఎంతో పైకి లేచింది. కానీ అప్పటికి డొరొతీ చేతిలో షేరేదీ? కంపెనీ నిలబడింది, ఆవిడ నిలబడలేకపోయింది.

ఆ రోజుల్లో తల్లి ఇచ్చిన చెక్కు పట్టుకుని చిన్నకొడుకు బ్యాంకుకి వెళ్లేవాడు. ఒకసారి గుమాస్తా, వీడు వింటూ వుండగానే, ఐదు డాలర్లకి ఈ డొరొతీ గ్రాస్‌బామ్‌ని నమ్మవచ్చునా అని పక్కవాణ్ణి అడిగాడట. ఆ కుర్రవాడు ముసలివాడయ్యాక కూడా ఆ మాట మరిచిపోలేదు.

ఆ కుర్రవాడే, తర్వాత ఇంటిపేరు మార్చుకున్న బెంజమిన్ గ్రాహమ్. 1914లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువు ముగిసే వేళకి ఇంగ్లీషు, లెక్కలు, తత్వశాస్త్రం మూడు శాఖలవాళ్లూ మా దగ్గర పాఠాలు చెప్పమంటే మా దగ్గర చెప్పమన్నారు. అంతటి తెలివి. కానీ ఇంట్లో డబ్బు అవసరం. అంచేత షేర్ల బజారుకే వెళ్లాడు. తల్లిని ముంచిన బజారుకే!

అయితే ఇతను చూసిన చూపు వేరు. అందరూ ఏ షేరు పెరుగుతుందా అని చూస్తూ వుంటే, ఇతను ఏ షేరు వెనక ఎంత సొత్తు వుందా అని చూశాడు. 1926లో వాషింగ్టన్ వెళ్లి, ప్రభుత్వ సంఘానికి కంపెనీలు దాఖలు చేసిన నివేదికలు ముందేసుకు కూర్చున్నాడు. అందులో నార్దరన్ పైప్‌లైన్ అనే చిన్న చమురు గొట్టాల కంపెనీ లెక్క కనపడింది. బజార్లో దాని షేరు 65 డాలర్లు. కంపెనీ దగ్గర భద్రంగా దాచిపెట్టి వున్న బాండ్లు లెక్కవేస్తే షేరు ఒక్కింటికి 95 డాలర్లు! వ్యాపారం విలువ ఇంకా కలపలేదు. 95 రూపాయలున్న పర్సుని 65 రూపాయలకి అమ్ముతూంటే ఎవరూ మూత తీసి చూడలేదన్నమాట!

కొన్నాడు. ఆ వూరికే పడివున్న డబ్బు వాటాదార్లకి పంచండని యాజమాన్యాన్ని అడిగాడు. వాళ్లు వినిపించుకోలేదు. వాటాదార్ల సమావేశానికి వెళితే నోరే విప్పనివ్వలేదు. ఇంటికొచ్చి, మిగతా వాటాదార్లని ఒక్కొక్కరినే కలుసుకుని ఓట్లు కూడగట్టి, 1928లో మళ్లీ వెళ్లాడు. చివరికి షేరుకి 70 డాలర్లు పంచిపెట్టారు. పెట్టిన 65 తిరిగొచ్చింది. షేరు ఇంకా చేతిలోనే వుంది.

ఇంత తెలివైనవాడు ఇక పొరబడడనుకుంటాం కదా? అక్కడే వుంది అసలు సంగతి.

1929 మొదట్లో గ్రాహమ్ చూసే నిధి 25 లక్షల డాలర్లు. ముప్ఫై నాలుగేళ్ల వయసు, కుడివైపంతా విజయం. అంతా లెక్కగానే వుందన్న ధీమాతో అతనూ కొంత సొమ్ము అప్పు మీద పెట్టాడు. ఎవరి కొడుకో మరిచిపోలేదు గానీ, తల్లికి జరిగింది తనకి జరగదనుకున్నాడు. ఆ సెప్టెంబరులో 381 దగ్గరున్న అమెరికా సూచీ, 1932 జులై నాటికి 41కి దిగింది. రూపాయికి పదకొండు పైసలు మిగిలినట్టు. గ్రాహమ్ నిధిలో నూటికి డెబ్బై పోయింది. భార్య మళ్లీ నాట్యం నేర్పే పనికి వెళ్లింది. నష్టం పూడేదాకా తను జీతం తీసుకోకూడదన్నది ఒప్పందం. ఏళ్ల తరబడి ఊరికే పనిచేసి 1935 చివరికి పూడ్చాడు.

ఆ నష్టం కడుపులో పెట్టుకుని రాసిన పుస్తకాలు రెండు. 1934లో డేవిడ్ డాడ్‌తో కలిసి రాసిన "సెక్యూరిటీ ఎనాలిసిస్", 1949లో మామూలు జనం కోసం రాసిన "ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్". ఈ రెండో పుస్తకం ఆఖరి అధ్యాయంలో తన జీవితసారం ఇదే అన్నట్టు ఒక మాట పెట్టాడు: మార్జిన్ ఆఫ్ సేఫ్టీ. భద్రత కోసం వదిలే ఎడం.

చూశారా, మళ్లీ అదే మాట! తల్లి కొన్నదీ మార్జిన్ మీదే, కొడుకు నేర్పిందీ మార్జినే. తల్లిది అప్పు అంచు. కాస్త తూలితే కిందికే. కొడుకుది, పిల్లల నోటుబుక్కులో ఎడంపక్క గీత గీసి ఏమీ రాయకుండా వదిలే జాగా లాంటిది. దిద్దుబాట్లు ఏమన్నా వస్తే అక్కడ పడతాయి.

పద్ధతి మన ఇంటిలెక్కల కన్నా కష్టమేం కాదు. ఒక కంపెనీ చేతిలో నగదు, సరుకు, రావలసిన బాకీలు కలిపి 10 కోట్లనుకోండి. అది తీర్చవలసిన అప్పులన్నీ కలిపి 4 కోట్లు. మిగిలేది 6 కోట్లు. షేర్లు 10 లక్షలైతే ఒక్కొక్క షేరు వెనక 60 రూపాయలు. భవనాలూ యంత్రాలూ లెక్కలోకి రానేలేదు. గ్రాహమ్ దానికైనా 60 పెట్టడు. మూడింట రెండు వంతులు, అంటే 40కి లోపు దొరికితేనే కొంటాడు. ఆ మిగిలిన 20 రూపాయలే లోపల వదిలిన గుడ్డ. సరుకు అమ్ముడుపోక పోవచ్చు, బాకీలు కొన్ని మునగవచ్చు, మన లెక్కే తప్పవచ్చు. అన్నింటికీ అదే చాలాలి.

విలువ పైసలతో సహా తేలక్కర్లేదంటాడాయన. ఒక మనిషి లావుగా వున్నాడని చెప్పడానికి కాటా మీద ఎక్కించాలా? తేడా కంటికి ఆనేంత వుంటే చాలు. ఆనకపోతే వదిలెయ్యడమే. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు. ఎంత ఎడం వున్నా ఒక్క కంపెనీ మునిగిపోవచ్చు. కనక నాలుగైదు కాదు, ఇంకా ఎక్కువచోట్ల సర్దమన్నాడు. అన్ని జాకెట్లూ ఒకేసారి బిగుతైపోవు కదా! మంచి కంపెనీయే అయినా మితిమీరిన ధర పెడితే ఎడం మిగలదు. ఎడం కంపెనీలో వుండదు, మనం ఇచ్చే ధరలో వుంటుంది.

ఆయన శిష్యుడే వారెన్ బఫెట్. 1973లో "వాషింగ్టన్ పోస్ట్" షేర్లు కొన్నాడు. దానికి పెద్ద దిక్కు కేథరిన్ గ్రాహమ్. మన గ్రాహమ్‌కి చుట్టం కాదు, ఇంటిపేరు మాత్రమే కలిసింది. 1963లో భర్త పోతే, అప్పటిదాకా ఇల్లు చూసుకుంటున్న ఆవిడ పత్రిక బాధ్యత నెత్తినెత్తుకుంది. బఫెట్ కొనేనాటికి బజారు ఆ కంపెనీ మొత్తానికి కట్టిన ధర సుమారు 10 కోట్ల డాలర్లు. తెలిసినవాళ్లెవరైనా 40 కోట్లకి తక్కువ చెయ్యదనేవారట. అయినా కొన్నాక షేరు పెరగలేదు, ఇంకా పడింది! మరుసటి ఏడాది చివరికి కూడా అతను నష్టంలోనే వున్నాడు. కానీ అమ్మమని తలుపు తట్టే దళారీ లేడు. కూర్చున్నాడు. నలభై ఏళ్లు వాటాదారుగా కూర్చున్నాడు. డొరొతీకీ అతనికీ తేడా తెలివిలో లేదు, ఆ కూర్చోగలగడంలో వుంది.

ఇక నా గాజుల సంగతి. 1992 వసంతంలో మన దేశంలో ఎక్కడ చూసినా షేర్ల మాటే. ఏప్రిల్ 22న సెన్సెక్స్ 4,467కి చేరింది. ఆ వేడిలోనే మావారు నా నాలుగు గాజులు బ్యాంకులో కుదువపెట్టి ఓ కంపెనీ షేర్లు కొన్నారు. ఆ మర్నాడే బ్యాంకుల కుంభకోణం పేపరుకెక్కింది. ధరలు జారడం మొదలెట్టాయి. షేరు తగ్గుతూ వుంటే వడ్డీ పెరుగుతూ వచ్చింది. వాయిదా నోటీసు వచ్చిన రోజు షేర్లు అమ్మినా అప్పు తీరలేదు, గాజులూ అమ్మవలసి వచ్చింది. ఆ కంపెనీ బతికే వుంది. కొన్నేళ్లకి దాని షేరు మళ్లీ లేచింది కూడా. ఆ సంగతి పేపర్లో చదివిన రోజు మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు.

ఇదంతా కోడలికి చెప్పాను. షేర్లు కొనవద్దని చెప్పలేదు. అప్పు తెచ్చి కొనవద్దన్నాను. ఎడం ఎంత వదిలినా అప్పు చెదపురుగులా లోపల్నించే తినేస్తుందన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి, ఆ కంపెనీ లెక్కల కాగితాలు, ఓ పెన్సిలు తెచ్చి నా పక్కన కూర్చుంది.

ఇద్దరం రాత్రి వంట వేళదాకా కూడికలూ తీసివేతలూ వేశాం. ఎన్నిసార్లు వేసినా ఒకటే తేలింది. అది మంచి కంపెనీయే. అయితే దాని విలువెంతో ధరా అంతే, ఓ పిసరు ఎక్కువే కూడా.

కోడలు పెన్సిలు కింద పెట్టి, "లోపల వదలడానికి గుడ్డే లేదు కదత్తయ్యా!" అంది.

బంగారం బీరువాలోనే వుంది.