ఇటాలియన్ క్రియలు - మన గురులఘువులు

తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అని ఎవరైనా పొగిడితే మనం మురిసిపోతాం. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చులతోనే ముగుస్తాయి, నిజమే. కాని మాట చివరను వదిలి, మాటలో బరువు ఎక్కడ పడుతుందో చూస్తే మనకు పనికొచ్చే సంగతి మరొకటి ఉంది.

నేను కామర్స్ చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో అచ్చు వేయించిన లూకా పాచోలీ పేరు మాకు తొలి పాఠం. ఆ దారినే ఇటాలియన్ క్రియల దాకా వెళ్లాను.

'పాగో' అంటే చెల్లిస్తున్నాను. చివరి అక్షరం నొక్కి 'పగో' అంటే అతడు చెల్లించాడు. 'పాగనో' అంటే వాళ్లు చెల్లిస్తున్నారు. 'పగానో' అంటే అన్యమతస్థుడు. విడదీయడం మనలాగే, పా-గ-నో. ఊనిక పడ్డ అక్షరం మన చెవికి దీర్ఘంగా వినిపిస్తుంది. రాతలో మాత్రం చివరి అక్షరం మీద ఊనిక ఉంటేనే గుర్తు పెడతారు. తక్కినవి చెవితో నేర్వవలసిందే.

ఈ ఊనికకు మూలం లాటిన్. క్రీ.శ. ఒకటో శతాబ్దిలో క్వింటీలియన్ చెప్పిన సూత్రం మన ఛందస్సు తెలిసినవారికి సులువు. మూడు, అంతకు మించి అక్షరాలున్న మాటలో చివరినుంచి రెండోది గురువైతే ఊనిక దానిమీద, లఘువైతే దాని ముందుదానిమీద. డెబిట్‌కు మూలమైన 'దేబేరే'లో నడిమి అక్షరం గురువు. అందుకే ఇటాలియన్‌లో 'దొవేరే'. క్రెడిట్‌కు మూలమైన 'క్రేదెరే'లో అది లఘువు. ఊనిక మొదటి అక్షరానికి పోయింది.

తరవాత లాటిన్‌లో హ్రస్వదీర్ఘాల తేడా చెరిగిపోయింది. ఊనిక మాత్రం కదలలేదు. 'పాకావిత్' (శాంతింపజేశాడు) అరిగి 'పగో' అయింది. చివరి అక్షరం రాలిపోగా, నడిమి అక్షరం మీది ఊనికే చివరికి వచ్చింది. అప్పులవాణ్ణి శాంతింపజేయడమే చెల్లింపు!

మనకు అటువంటి ఊనిక లేదు. పడు-పాడు, కలం-కాలం: తేడా అంతా దీర్ఘంలోనే. ఒడియా రాతలో హ్రస్వదీర్ఘాలున్నా పలుకులో ఆ తేడా దాదాపు లేదని అక్కడి మనవాళ్లకు తెలుసు. మన పిల్లలు సెల్‌ఫోన్లలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తున్నారు. అందులో పడు, పాడు ఒకటే. లాటిన్ దీర్ఘం పోగొట్టుకున్నా ఊనిక హామీగా నిలిచింది. మనకు ఆ హామీ లేదు. కనుక ఇంట్లో రోజుకో పేజీ తెలుగు పైకి చదివించండి. దీర్ఘం దగ్గర ఆగి వినండి.