చుక్క చాటు దత్తాంశం: అప్లికేషన్ ఫోల్డర్ల చరిత్ర

యూనిక్స్‌లో చుక్కతో మొదలయ్యే ఫైళ్లు జాబితాలో కనిపించకపోవడం ఎవరూ ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ 2012లో ఈ సంగతిని వివరించాడు. ప్రతి డైరెక్టరీలోనూ ఉండే ఒంటి చుక్క, జంట చుక్కల పేర్లను జాబితా నుండి తప్పించదలచిన ప్రోగ్రామర్, పేరు మొత్తాన్ని కాక తొలి అక్షరాన్ని మాత్రమే పరీక్షించాడు. దానితో చుక్క ముందున్న ప్రతి పేరూ మరుగునపడింది. తరువాతి ప్రోగ్రాములు ఆ మరుగునే తమ సెట్టింగులకు నెలవుగా చేసుకున్నాయి.

మైక్రోసాఫ్ట్, ఆపిల్ సంస్థలు మాత్రం తెలిసే దాచాయి. విండోస్ 2000 నాటి ‘అప్లికేషన్ డేటా’ ఫోల్డర్ విస్టాలో ‘యాప్‌డేటా’ అయింది. అందులో ‘రోమింగ్’ శాఖ కార్యాలయ నెట్‌వర్క్‌లో వాడుకరి వెంట యంత్రం నుండి యంత్రానికి నడుస్తుంది. ‘లోకల్’ ఉన్నచోటనే ఉంటుంది. మాక్‌లో వాడుకరి ‘లైబ్రరీ’ 2011 నాటి లయన్ నుండి అదృశ్యమైంది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో క్రమం తేవడానికి 2003లో వెలువడిన ఎక్స్‌డీజీ నిర్దేశం సెట్టింగులకు, దత్తాంశానికి, తాత్కాలిక నిల్వకు వేర్వేరు తావులు కేటాయించింది. విచిత్రమేమంటే ఆ తావులకూ చుక్క తప్పలేదు.

ఈ భేదాల భారం చివరకు వాడుకరిపైనే పడింది. థండర్‌బర్డ్ ఉత్తరాలు విండోస్‌లో రోమింగ్‌లోను, మాక్‌లో లైబ్రరీలోను, లినక్స్‌లో చిరకాలం చుక్క పేరున్న ఫోల్డర్‌లోను నిలువ ఉన్నాయి. ‘డాక్యుమెంట్స్’ ఒక్కటే నకలు తీసి పాత కంప్యూటరును తుడిచివేసిన పరిశోధకుడికి, అక్కడే దాచుకున్న ఏళ్ల నాటి ఉత్తర ప్రత్యుత్తరాలు మిగలవు.