వ్యాయామంలో రొమ్ముల కదలిక, స్పోర్ట్స్ బ్రా

పరుగు, గెంతులు, బాక్సింగ్ వంటివాటిలో రొమ్ముల ఊపును అదుపులో ఉంచేందుకు ప్రత్యేకంగా కుట్టే లోదుస్తు స్పోర్ట్స్ బ్రా. రొమ్మును నిలబెట్టే కండరం దాని లోపల లేదు. ఉన్నదల్లా కొవ్వు, పాలగ్రంథులు, సన్నని బంధకాలు, పైన చర్మం. ఆ బంధకాలను 1840లో వర్ణించిన బ్రిటిష్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ పేరే వాటికి నిలిచింది. పరిగెత్తేటప్పుడు రొమ్ము పైకీ కిందికీ, పక్కలకూ, ముందుకూ వెనక్కూ కదులుతూ దాదాపు 8 అంకె గీస్తుంది. ఏ ఆసరా లేకపోతే ఈ కదలిక 15 సెంటీమీటర్ల దాకా వెళ్లవచ్చు. నొప్పికి కారణం ఇదే. దాన్ని ఒంటి బలహీనత అనుకోవడం పొరపాటు.

తాలీముల్లో పహిల్వాన్లకు లంగోటా తరతరాలుగా ఉంది. ఆటలాడే ఆడవాళ్లకు మాత్రం అంత ఆలోచన చాలాకాలం జరగలేదు. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో రోజూ పరిగెత్తే లీసా లిండాల్, నాటక దుస్తులు కుట్టే పాలీ స్మిత్, ఆమె సహాయకురాలు హిండా మిల్లర్ కలిసి మగ క్రీడాకారులు కట్టుకునే జాక్‌స్ట్రాప్‌లు రెండింటిని జోడించి కుట్టారు. అదే 'జాగ్‌బ్రా'. 1979లో పేటెంట్ వచ్చింది. 1999 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో బ్రాండీ చాస్టైన్ గెలుపు సంబరంలో జెర్సీ విప్పడంతో ఈ దుస్తు ప్రపంచమంతా కనబడింది.

 ఇక మన దగ్గర, నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతపు చెరకు తోటల్లో పనిచేసిన ఆడకూలీలకు రవిక బిగుతే ఆసరా. నిజామాబాద్ పట్టణంలో ఆడపిల్లల ఆటకు పేరు తెచ్చింది నిఖత్ జరీన్. పరుగుతో మొదలుపెట్టి బాక్సింగ్‌కు మారిన ఆమె 2011లో అంతాల్యాలో జూనియర్ స్థాయిలో, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో సీనియర్ స్థాయిలో ప్రపంచ విజేత అయింది. పిల్ల నిక్కర్లు వేసుకుని ఆడడమేమిటని చుట్టాలు అడ్డుచెప్పారని తండ్రి జమీల్ అహ్మద్ పత్రికలకు చెప్పారు. బట్టల చర్చ ఎప్పుడూ పైకి కనబడేదాని దగ్గరే ఆగిపోతుంది. లోపల ఒంటికి ఏం కావాలన్నది ఇంట్లో తల్లీబిడ్డల మధ్య కూడా నోరు దాటదు. బాక్సింగ్ నిబంధనలు మహిళలకు బ్రాకు తోడు ఛాతీ కవచాన్నీ అనుమతిస్తాయి. బ్రా ఊపును ఆపుతుంది, కవచం దెబ్బను ఆపుతుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకూడదు. 

రొమ్ముల గురించి మాట్లాడకపోవడం ఇక్కడి సంగతే కాదు. ఇంగ్లండ్‌లో 11–18 ఏళ్ల బడి ఆడపిల్లలు 2,089 మందిని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అడిగితే, దాదాపు సగం మంది రొమ్ముల వల్ల ఆటలకు ఇబ్బంది అవుతోందన్నారు. వారి అధ్యయనం 2016లో అచ్చయింది.

స్పోర్ట్స్ బ్రాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి రెండు రొమ్ములనూ ఛాతీకి అదిమి పెడుతుంది. రెండోది వేర్వేరు కప్పుల్లో పట్టి ఉంచుతుంది, పెద్ద రొమ్ములకు ఇదే నయం. బరువు మోయాల్సింది ప్రధానంగా రొమ్ముల కింది పట్టీయే, భుజాల పట్టీలు కాదు. చేతులు పైకెత్తితే కింది పట్టీ వీపు మీద పైకి జరిగిందంటే సైజు వదులు. ఊపిరి పట్టేస్తే బిగుతు. సాగి వదులైన ఎలాస్టిక్ ఉతికినా తిరిగి బిగియదు.