కొబ్బరి నీళ్లు కూడా గొంతు దిగట్లేదా?.. గ్యాస్ అని వదిలేయొద్దు, ‘అకలేషియా’ కావొచ్చు!

అన్నం ముద్ద ఛాతీ దగ్గరే ఆగిపోతుంది. నీళ్లు తాగినా దిగదు. రాత్రి పడుకుంటే తిన్నది గొంతులోకి వచ్చేస్తుంది. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా.. ఇలాంటప్పుడు చాలామంది ముందు వేసుకునేది గ్యాస్ మాత్రే. వారాలు గడిచినా తగ్గకపోతే అది ‘అకలేషియా’ కావొచ్చు. ఏటా లక్ష మందిలో సుమారు ఒకరికి కొత్తగా వచ్చే అరుదైన జబ్బు ఇది.

అసలేం జరుగుతుంది?

అన్నవాహిక చివర, పొట్ట మొదలయ్యే చోట కండరంతో ఏర్పడిన ఓ వాల్వ్ ఉంటుంది. మింగగానే అది వదులవ్వాలి. ఆ పని చేయించే నరాల కణాలు దెబ్బతింటే వాల్వ్ బిగుసుకుపోతుంది. ముద్దే కాదు, కొబ్బరి నీళ్లూ కష్టంగానే దిగుతాయి.

సొంత శరీరమే శత్రువా?

హెర్పెస్ లాంటి వైరస్ సోకాక, రోగనిరోధక వ్యవస్థ దారితప్పి సొంత నరాలపైనే దాడి చేస్తుందని పరిశోధకుల బలమైన అనుమానం. రోగుల్లో ఆ నరాల చుట్టూ లింఫోసైట్లు గుమిగూడి కనిపించాయి. మరి అందరికీ ఎందుకు రాదు? ఇక్కడే జన్యువుల పాత్ర. రోగనిరోధక శక్తిని నడిపించే హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ జన్యువుల్లో కొన్ని మార్పులున్న వారికి ముప్పు ఎక్కువని 2014లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అయితే మార్పు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. పెద్దల్లో వచ్చే అకలేషియా వంశంలో పాకడం చాలా అరుదు.

మేనరికం ఉంటే జాగ్రత్త!

చిన్నపిల్లల్లో మాత్రం ‘ట్రిపుల్ ఏ సిండ్రోమ్’ అనే వంశపారంపర్య జబ్బులో భాగంగా రావొచ్చు. దీనికి కారణం రోగనిరోధక దాడి కాదు, ‘ఏఏఏఎస్’ అనే జన్యువులో లోపం. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు 25 శాతం ముప్పు ఉంటుంది. మేనరికాల్లో ఈ అవకాశం పెరుగుతుంది. బిడ్డ ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం తొలి గుర్తు. అడ్రినల్ గ్రంథి కూడా దెబ్బతిని, షుగర్ పడిపోయి ఫిట్స్ రావొచ్చు. గుర్తించకపోతే ప్రాణాపాయమే!

ఏం చేయాలి?

ముందు ఎండోస్కోపీ తప్పనిసరి. క్యాన్సర్‌లోనూ ఇవే లక్షణాలు ఉండొచ్చు. ఆ తర్వాత బేరియం ఎక్స్‌రే, మానోమెట్రీతో జబ్బును నిర్ధారిస్తారు. పోయిన నరాలు తిరిగి రావు. కానీ బెలూన్‌తో వాల్వ్ వెడల్పు చేయడం, హెల్లర్ ఆపరేషన్, 2008లో జపాన్‌లో మొదలైన ‘పోయెమ్’ చికిత్సలతో ముద్ద దిగుతుంది. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆసుపత్రిలోనూ పోయెమ్ చేస్తున్నారు. మింగడం కష్టమై, బరువు కూడా తగ్గుతుంటే వెంటనే గ్యాస్ట్రో డాక్టర్‌ను కలవాలి.