పొద్దుపోయాక ఇల్లు చేరేదెవరు?

తెలుగు కథలో మధ్యతరగతి కుటుంబం ఎంత మారిందో తేల్చుకోవడానికి నేనొక్కటే చూస్తాను: పొద్దుపోయాక ఇల్లు చేరేదెవరు, సంజాయిషీ అడిగేదెవరు?

మొదట్లో ఆ ఆలస్యం మొగుడిదే. 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చైన గురజాడ ‘దిద్దుబాటు’లో గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తే భార్య కమలిని కనిపించదు, ఆమె రాసిన ఉత్తరం కనిపిస్తుంది. ఆవిడేమో మంచం కింద దాక్కుని అతని హైరానా అంతా వింటుంటుంది. కథకు ఆమె చదువే కీలకం. రాయడం రాకపోతే ఏడ్చి ఊరుకునేది. అంతకు ముందే 1902లో భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ వచ్చింది. తొలి కథ ఏదన్న పేచీ సంగతి ఎలా ఉన్నా, రెంటిలోనూ మొగుణ్ణి దారిలో పెట్టేది పెళ్లామే. అయితే ఆ పనంతా గడప లోపలే.

గడప దాటించింది ఉద్యోగం. 1960ల్లో యద్దనపూడి ‘సెక్రటరీ’లో జయంతి ఆఫీసుకెళ్లింది. అద్దె లైబ్రరీల్లో ఆ నవల చేతులు మారుతూ తిరిగింది. కథ ఎటు పోయినా, జీతం తెచ్చుకునే ఆడపిల్ల నాయిక కావడం చిన్న సంగతేం కాదు. 1987లో ఓల్గా ‘స్వేచ్ఛ’ మరో అడుగు వేసి పెళ్లినే నిలదీసింది. ప్రేమించి చేసుకున్న పెళ్లిలోనూ సంజాయిషీ తప్పలేదని అరుణకు అర్థమైంది.

ఇక కథలు వదిలి హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి సందుల్లోకి రండి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చిన ఆడపిల్లలు కోచింగుల కోసం, ఉద్యోగాల కోసం లేడీస్ హాస్టళ్లలో ఉంటారు. గేటు దగ్గర బల్ల మీద రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను. వెళ్లిన టైం, వచ్చిన టైం, సంతకం. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక ప్రయాణం తేలికైంది గానీ, స్టేషన్ మెట్లు దిగి గేటు మూయకముందే చేరాలన్న పరుగు తగ్గలేదు. ఇక్కడ సంజాయిషీ అడిగేది వార్డెను, ఆ తర్వాత ఫోన్లో నాన్న.

వనస్థలిపురం వైపు వెళ్తే వరసే తిరగబడింది. అమెరికా నుంచి వీడియో కాల్ చేసిన కొడుకు, “ఇంత రాత్రి ఎక్కడికెళ్లావు నాన్నా, బీపీ మాత్ర వేసుకున్నావా?” అని అడుగుతాడు. రిటైరైన తండ్రి బుద్ధిగా జవాబు చెబుతాడు.

ఈ తండ్రి మన కథల్లోకి ఎప్పుడో వచ్చేశాడు. ఆ రిజిస్టరులో సంతకం పెట్టే పిల్ల గొంతే ఇంకా పలచగా ఉంది. కథల పోటీలు పెట్టే పత్రికలు ఈసారి ఆ హాస్టళ్ల నోటీసు బోర్డుల మీద కూడా ప్రకటన అంటించాలి.